తెర వెనక గోడ

ఆదోనిలో మా ఇంటికి మూడు గోడలే మావి.
నాలుగోది టాకీసుది.
అవతల తెర,
ఇవతల జేజి మందుల డబ్బా, ఉప్పు జాడీ,
మేకుకు వేలాడే నా బడిసంచి.

బొమ్మ కనపడేది కాదు.
టికెట్టుకు దుడ్లు అడిగితే నాయన అనేవాడు,
"ఊరికే వినపడతాండాది గదా, ఇంకేం గావల్ల?"

మాటలు గోడ దాటేవి కావు.
పల్చటివి, సున్నంలో ఇంకిపోయేవి.
బరువైనవే దాటేవి:
డోళ్లు, ఇత్తడి బూరలు,
ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నట్టు మొదలయ్యే ఒక తీగ వాయిద్యం.
సన్న వయొలిన్లు మాత్రం
వెంటిలేటరు మీదుగా దిగి
దోమతెర మీద వాలేవి.

ఒక సినిమా అట్లా నలభై రోజులు విన్నా.
ఒకచోట అన్నీ ఆగిపోయేవి,
నలభై మంది ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నంత ఖాళీ,
ఆ తర్వాత అన్నీ కలిసి వచ్చేవి.
ఉప్పు జాడీ మూత అదిరేది.
ఎవరో గుర్రాల మీద వస్తాండారనుకున్నా.
ఏరు దాటుతాండారనుకున్నా.

నలభై ఒకటో రోజు
గేటుకాడ హుసేనప్ప జాలిపడి లోపలికి తోసినాడు.

గుర్రాల్లేవు. ఏరు లేదు.
ఒకాయన ఉత్తరం చదువుకుంటా మెట్లు దిగుతాండాడు.
అంతే.

ఏడుపొచ్చింది నాకు.
మోసపోయినందుకు గాదు.
ఒక మనిషి మెట్లు దిగుతుంటే
అంత బలగం వెంట నడుస్తాదా అని.

తర్వాత జిన్నింగు మిల్లులో ఇరవై రెండేళ్లు.
యంత్రానిది ఒకటే స్వరం,
అది ఎవరి వెంటా నడవదు.
తలమీద దూది మూటతో మెట్లు దిగినప్పుడల్లా
నాకు నేనే వాయించుకున్నా, పెదాలు కదలకుండా.
ఒకసారి కదిలినాయేమో.
"ఏంది మారెక్కా, గొణుగుతాండావు?" అన్నాడు మేస్త్రీ.
"బూరలు" అన్నా.
ఆ వారమంతా మిల్లులో అదే నవ్వు.

టాకీసు పడగొట్టి కల్యాణమండపం కట్టినారు.
గోడను వదిలేసినారు, మాదీ గాబట్టి.
ఇంట్లోకి టీవీ వచ్చింది.
సీరియల్లో అత్త తిరిగి చూస్తే మూడుసార్లు ఉరుము.
అది వెంట నడవడం గాదు, మీద పడడం.

మొన్న ఎండాకాలం
మా చెల్లెలి కొడుకు ఉరుకుందు, మిద్దె మీది గదిలో,
కంప్యూటరు ముందర ఆటాడుతా ఆడుతా ఆపేసినాడు.
తెరమీద మంచుకొండ.
అంచున కత్తి పట్టుకున్న బొమ్మ, కదలదు.
"ఏమిరా, చెడిపోయిందా?"
"లేదు పెద్దమ్మా, ఈడ మ్యూజిక్ చానా బాగుంటాది.
నేను కదిల్తే మారిపోతాది."
ఒక చెవిది పీకి నా చెవిలో పెట్టినాడు.

అదే. గొంతు సవరించుకునే పెద్దాయన.
దాని పేరు చెల్లో అంట.
"చెల్లెలా?" అంటే వాడు పడి పడి నవ్వినాడు.

సినిమాది ఎవరి కోసమూ ఆగేది కాదు,
రీలు ఎంతో అంతే.
ఇది ఆగింది.
కొండ చుట్టూ ఒక తిరుగుడు తిరిగొచ్చి
పిల్లోడు అడుగేస్తాడేమోనని చూస్తాది,
వేయకపోతే ఇంకో తిరుగుడు.
బండి కట్టి, ఎద్దుల ముకుతాడు పట్టుకుని,
ఎక్కేవాళ్ల కోసం నిలబడిన మనిషి మాదిరి.

ఎవరో వాళ్లు, వాయించినోళ్లు.
ఏ చలిదేశంలోనో కాగితాలు ముందర పెట్టుకుని
తొంభై మంది కుర్చీల్లో కూచునుంటారు.
నలభై నాలుగు డిగ్రీల ఆదోనిలో
చిల్లుల బనీను పిల్లోడొకడు
వాళ్ల కోసం కొండ దిగకుండా ఉంటాడని ఎట్లా తెలుస్తాది?
మా దూది ఎవరి దిండులో ఉండాదో
నాకు తెలుసునా.

కింద నుంచి మా చెల్లెలి కేక,
వగ్గాని చల్లారిపోతాందని.
వాడు లేవలా. నేనూ లేవలా.
ఇంకో కేక.
ఆపైన గిన్నె చప్పుడు, గాజుల చప్పుడు,
తిట్టుకుంటా మెట్లెక్కి వస్తాంది,
ఒక చేత్తో వగ్గాని, ఒక చేత్తో కొంగు.

ఆమెకు తెలీదు,
వెనక ఎంతమంది వస్తాండారో.